ఎస్‌డీ9 హెచ్‌ఓ మోడల్: నెమ్మదిగా పోతే టక్ టక్, కర్వులో మధ్య చక్రం దిగిపోతోంది. డీకోడర్ ముందా, గేర్లు ముందా?

#1 పట్టాలబండి
ఈఎండీ (జనరల్ మోటార్స్ వాళ్ళ రైలింజన్ల విభాగం) ఎస్‌డీ9 డీజిల్ ఇంజను, హెచ్‌ఓ స్కేలు (అసలులో 87వ వంతు), అమెరికా సదరన్ పసిఫిక్ రైల్వే వాళ్ళ బ్లాక్ విడో రంగుల్లోది. నంబరు 5372. 90ల చివర్లో తయారైన ప్లాస్టిక్ మోడల్, ఇన్నేళ్ళూ పెట్టెలోనే ఉంది. డీసీలో కదులుతుంది గానీ మూడు ఇబ్బందులు.

బాగా నెమ్మదిగా నడిపితే టక్... టక్... అని కుదుపు. స్పీడు పెంచితే చప్పుడు కలిసిపోతుంది, బండి మాత్రం ఊగుతుంది.
18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న కర్వులో ముందు ట్రక్ (మూడు ఇరుసుల చట్రం) మధ్య చక్రం పట్టా ఎక్కి దిగిపోతోంది. 22లో పది చుట్లకు ఒకసారి.
హెడ్‌లైట్లు పాత చిన్న బల్బులు, వోల్టేజి తగ్గితే ఎర్రబడుతున్నాయి.

8 పిన్నుల సౌండ్ డీకోడర్ (పట్టా మీద వచ్చే డిజిటల్ ఆదేశాల ప్రకారం మోటారు, లైట్లు, శబ్దం నడిపే చిన్న బోర్డు) చేతిలో ఉంది. డీకోడర్ ముందే పెట్టేసి ఆ కుదుపును సీవీలతో (డీకోడర్ సెట్టింగులతో) సర్దుకోవచ్చా? లేక మొత్తం విప్పాలా?

#2 నాచ్8
సీవీలు మార్చితే పగిలిన గేరు అతుక్కోదు. విప్పు.

#3 సోల్డర్_సుబ్బు
నేనైతే డీకోడర్ ముందే పెట్టమంటాను. మంచి డీకోడర్‌లో బ్యాక్ ఈఎంఎఫ్ (మోటారు వేగాన్ని చూసి కరెంటు సర్దే పద్ధతి) ఉంటుంది, స్పీడ్ స్టెప్ 1లో కూడా బండి నత్తలా స్థిరంగా పాకుతుంది. డీసీ థ్రాటిల్ మీద అంత నెమ్మది రాదు. ఆ నడకలో జబ్బు ఎక్కడుందో తేలిగ్గా దొరుకుతుంది.

#4 గేజ్_పదహారున్నర
సుబ్బు గారూ, అక్కడే చిక్కు. గేరు పన్ను ఎక్కి దిగే ప్రతిసారీ మోటారు మీద బరువు పడుతుంది. బ్యాక్ ఈఎంఎఫ్ దాన్ని చూసి ఎక్కువ కరెంటు తోస్తుంది, పన్ను దాటగానే బండి ముందుకు దూకుతుంది. కుదుపు తగ్గకపోగా వెనకా ముందూ ఊగడం మొదలవుతుంది. జబ్బు కనపడదు, కప్పబడుతుంది.

పట్టాలబండి, ఏదీ విప్పకముందు ఒక పరీక్ష చెయ్యండి. అసలు ఇంజనుకి చక్రం వ్యాసం 40 అంగుళాలు. 87తో భాగిస్తే 11.7 మి.మీ., చుట్టుకొలత సుమారు 37 మి.మీ. నిటారు పట్టా పక్కన కాగితం పట్టీ ఒకటి అంటించి, బండిని వీలైనంత నెమ్మదిగా నడుపుతూ టక్ అన్న ప్రతిచోటా పెన్సిలు గీత పెట్టండి.

గీతలు 37 మి.మీ.కి ఒకటి చొప్పున పడితే ఒక ఇరుసు గేరు పోయింది. 37లోనే రెండు మూడు పడి, అదే వరస మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఎన్ని గీతలో అన్ని గేర్లు పోయాయి. రెండు మూడు మి.మీ.కి ఒకటి చొప్పున గొణుగుతుంటే జబ్బు మోటారు వైపు, వర్మ్ (మరలాంటి గేరు) దగ్గరో యూనివర్సల్ జాయింటు దగ్గరో ఉంది, ఎందుకంటే చక్రం ఒక్క చుట్టు తిరిగేలోపు మోటారు పది పన్నెండు చుట్లకు పైనే తిరుగుతుంది. వరస లేకుండా ఎప్పుడూ ఒకే చోట పడితే తప్పు ఇంజనుది కాదు, పట్టా అతుకుది.

#5 కాజీపేట_కో_కో
గీసుడు అయినంక బండిని తిప్పి ఎదురుగ గూడ నడుపు. చీలిన పన్ను ఒక దిక్కు గట్టిగ కొడ్తది, ఇంకో దిక్కు మెత్తగ. రెండు దిక్కులా ఒక్కతీరుగ కొడ్తే చక్రానికి ఏమన్న అంటుకున్నదేమో చూడు, పాత గ్రీజు గడ్డ గట్ల జేస్తది.

#6 పట్టాలబండి
చేశాను. 37 మి.మీ.లో రెండు గీతలు, మొదటిదానికి రెండోదానికి 11 మి.మీ. తేడా, ప్రతి చుట్టులోనూ అదే వరస. ఎదురుగా నడిపితే ఒకటి మెత్తబడింది.

#7 గేజ్_పదహారున్నర
రెండు ఇరుసు గేర్లు చీలాయి. మిగతా నాలుగూ నేడో రేపో.

ఎందుకో చెబుతాను. ఈ ఇరుసు ఒకే కడ్డీ కాదు. మధ్యలో ప్లాస్టిక్ గొట్టం, దాని మీదే గేరు పళ్ళు. రెండు వైపుల నుంచీ చక్రాల అరకడ్డీలను ఆ గొట్టంలోకి బిగువుగా నొక్కి ఉంచుతారు. కడ్డీ, రంధ్రం కన్నా వెంట్రుకవాసి లావు. ఆ బిగువు ఏళ్ళ తరబడి లోపలి నుంచి తోస్తూనే ఉంటుంది. చివరికి రెండు పళ్ళ మధ్య పల్లంలో, గోడ పలచగా ఉన్నచోట, పొడుగునా చీలుతుంది. అక్కడ పళ్ళ ఎడం పెరుగుతుంది, పక్క గేరు పన్ను అక్కడికొచ్చినప్పుడల్లా ఎక్కి దిగుతుంది. బండి నడవకపోయినా ఈ చీలిక వస్తుంది. పెట్టెలో ఉన్న బండి కదా అని ధీమా పడకూడదు.

#8 వంపులెక్క
ఇక రెండో ఇబ్బంది. అది గేర్లది కాదు, 18 అంగుళాల కర్వుది. లెక్క చూడండి. అసలు ట్రక్‌లో ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 13 అడుగుల 7 అంగుళాలు. హెచ్‌ఓలో 47.5 మి.మీ. కొసల చక్రాలు కర్వు మీద కూర్చుంటే మధ్య ఇరుసు పక్కకు ఎంత జరగాలి? పొడవు వర్గాన్ని వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి.

18 అంగుళాలకి 0.62 మి.మీ.
22కి 0.50
24కి 0.46
30కి 0.37

ఫ్లాంజికీ (చక్రం అంచు గట్టుకీ) పట్టాకీ మధ్య సందు కొంత తీసేసినా, మధ్య ఇరుసుకి అటూ ఇటూ కదిలే ఆట ఉండాల్సిందే. ఆట లేని ట్రక్ 18లో దిగిపోతుంది. మూడిరుసుల బండికి 24 కన్నా తక్కువ కర్వు వెయ్యకండి.

#9 నాచ్8
లెక్క సరే. కానీ 22లో పది చుట్లకు ఒకసారే ఎందుకు దిగుతోంది? జామెట్రీ తప్పయితే ప్రతిసారీ దిగాలి.

#10 గేజ్_పదహారున్నర
నాచ్8 అడిగిందే అసలు ప్రశ్న. గొట్టం చీలితే పట్టు పోతుంది. పట్టు పోయిన అరకడ్డీ కొంచెం కొంచెం బయటికి జారుతుంది, చక్రాల మధ్య దూరం పెరుగుతుంది. కర్వులో పక్కకు తోసినప్పుడు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. అందుకే వరస లేకుండా దిగుతుంది. ఒకటో ఇబ్బంది, రెండో ఇబ్బంది రెండూ ఒకే చీలికవి కావచ్చు. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవండి, 14.5 మి.మీ. దగ్గర ఉండాలి. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికా మోడల్ రైళ్ళ సంఘం) గేజి రేకు ఉంటే ఇంకా మంచిది.

#11 పట్టాలబండి
షెల్ (పై తొడుగు) తీశాను. కప్లర్ పెట్టెల స్క్రూలు రెండూ విప్పితేనే వచ్చింది. ట్రక్ అడుగు పలక నాలుగు క్లిప్పులతో ఊడింది, చక్రాల జతలు చేతిలోకి వచ్చాయి. కాలిపర్‌తో కొలతలు:

ముందు ట్రక్: 14.5, 15.1, 14.5
వెనక ట్రక్: 14.6, 14.5, 14.4

15.1 ఉన్నది దిగిపోతున్న ఆ మధ్య ఇరుసే. భూతద్దంలో చీలిక కనపడుతోంది. వెనక 14.6 ఇరుసుకి కూడా సన్నటి గీత ఉంది.

#12 వంపులెక్క
అయితే ఈ బండి విషయంలో నేను ఒప్పుకుంటాను, గేజి తప్పే పెద్ద కారణం. 24 అంగుళాల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

#13 చీరాల_చిన్నబండి
చీలిక మీద సూపర్ గ్లూ వేస్తే ఆగదా? ఒక చుక్క చాలు కదా.

#14 సోల్డర్_సుబ్బు
ఆగదు చిన్నబండి. ఆ గేర్లు అసిటాల్ ప్లాస్టిక్‌వి, జిడ్డు జిడ్డుగా ఉంటాయి. సూపర్ గ్లూ గానీ ఎపాక్సీ గానీ వాటిని పట్టుకోవు, గోటితో గీకితే పొరలా ఊడొస్తాయి. అంటుకున్నా పల్లంలో పేరుకున్న జిగురే కొత్త టక్ అవుతుంది. గేర్ల విషయంలో గేజ్_పదహారున్నర గారి మాటే రైటు, మార్చడం తప్ప దారి లేదు. డీకోడర్ తర్వాతే.

#15 గేజ్_పదహారున్నర
మార్చేటప్పుడు ఆరూ మార్చండి. ఆర్డరు ఎనిమిదికి పెట్టండి, నొక్కేటప్పుడు ఒకటి పాడైతే మళ్ళీ పోస్టు కోసం ఎదురుచూడక్కర్లేదు. కొనేముందు మూడు చూసుకోవాలి: పళ్ళ లెక్క, గేరు బయటి వ్యాసం, అరకడ్డీ లావు. మొదటి రెండూ కలిసి మూడోది కలవకపోతే పాత కథే మళ్ళీ మొదలవుతుంది.

పాత గేరు తీయడానికి పట్టకారు వద్దు. చక్రాన్ని మెల్లగా మెలితిప్పుతూ లాగితే చీలిన గొట్టం వదిలేస్తుంది. అరకడ్డీ మీది పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త గేరును చేత్తో తోసి చూడండి. మూడోవంతు దూరి బిగుసుకుంటే సరైన బిగువు. అసలు దూరకపోతే బలవంతం చెయ్యొద్దు, సరిపడే డ్రిల్ బిట్‌ను వేళ్ళతో తిప్పుతూ రంధ్రాన్ని కొంచెం విప్పాలి. మోటారు డ్రిల్ పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగి రంధ్రం వంకర పోతుంది. పూర్తిగా వదులుగా దూరితే ఆ గేరు పక్కన పెట్టెయ్యాలి.

నొక్కడానికి బెంచ్ వైసు. దవడలకు అట్టముక్కలు, చక్రం నిటారుగా, పావు చుట్టు పావు చుట్టు తిప్పుతూ. సుత్తి వద్దు. రెండు అరకడ్డీలూ గొట్టం మధ్యలో తాకకూడదు, ఆ సందే కుడి పట్టాకీ ఎడమ పట్టాకీ మధ్య ఇన్సులేషన్. తాకితే బండి పట్టా మీద పెట్టగానే షార్టు. ప్రతి ఇరుసుకీ రెండు చక్రాల మధ్య మల్టీమీటర్ పెట్టి, కంటిన్యూటీ లేదని చూశాకే ట్రక్‌లో పెట్టండి. గేరు సరిగ్గా మధ్యలో ఉందా అన్నది కూడా చూసుకోండి, ఒకపక్కకు పోతే మధ్యలో కలిపే ఐడ్లర్ గేరుతో సగమే కలుస్తుంది.

#16 కాజీపేట_కో_కో
నూనె ముచ్చట నేను జెప్త. ఇంట్ల కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె పోయకు. ప్లాస్టిక్‌కు పనికొస్తదని రాసి ఉన్నదే వాడు. బేరింగుకు సూది మొనమీద నిలిచేంత చుక్క, గేర్లకు గుండుసూది తలకాయంత గ్రీజు. ఎక్కువైతే చక్రాల మీదికి పాకుతది, పట్టా నల్లబడ్తది, కరెంటు అందది. పెట్టెకెల్లి తీసిన బండ్లల్ల పాత గ్రీజు మైనం లెక్క గట్టిపడి ఉంటది, అదంత గీకి తీసినంకనే కొత్తది పెట్టు.

#17 చీరాల_చిన్నబండి
మధ్యలో ఒక అనుమానం. నాలుగిరుసుల జీపీ9కి కూడా 1750 హార్స్‌పవరే కదా, ఇంజను ఒకటే. మరి ఎస్‌డీ9కి ఇంకో రెండు ఇరుసులు తగిలించి ఏం లాభం?

#18 సాక్రమెంటో_షంటర్
హార్స్‌పవర్ ఒకటే, పని వేరు. రెండింటిలోనూ 16 సిలిండర్ల 567సీ ఇంజనే. జీపీ9లో ఆ పవరు నాలుగు ట్రాక్షన్ మోటార్లకి, ఎస్‌డీ9లో ఆరింటికి. బరువైన గూడ్సును ఎత్తు మీద గంటకి పది పన్నెండు మైళ్ళ వేగంతో ఈడ్చేటప్పుడు మోటార్లలో కరెంటు పెరిగి వేడెక్కుతాయి. నాలుగు మోటార్లు త్వరగా హద్దు దాటుతాయి, ఆరు పంచుకుంటే గంటల తరబడి లాగుతాయి. బరువు ఆరు ఇరుసుల మీద పరుచుకుంటుంది కాబట్టి సన్న పట్టాలున్న బ్రాంచి లైన్లకూ పనికొస్తుంది. ఎస్‌డీ అంటేనే స్పెషల్ డ్యూటీ. 1951లో ఎస్‌డీ7 వచ్చింది, 1500 హార్స్‌పవర్. 1954 నుంచి 1959 దాకా ఎస్‌డీ9. మిన్నెసోటాలో ఇనుప ఖనిజం మోసే డులూత్, మిసాబీ అండ్ ఐరన్ రేంజ్ వాళ్ళు ఆవిరి ఇంజన్లు తీసేసి వీటినే పెట్టుకున్నారు. సదరన్ పసిఫిక్ వాళ్ళయితే నడక మెత్తగా ఉందని కాడిలాక్ అని పిలిచేవాళ్ళు.

#19 నాచ్8
మనకీ ఈ కుటుంబంలో చుట్టం ఉంది. మన రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎమ్-4, 1962లో ఈఎండీ నుంచి వచ్చింది. ఎస్‌డీ24 నుంచి పుట్టిన బండి, 2600 హార్స్‌పవర్. 1969లో మొదటి హౌరా రాజధానిని లాగింది అదే. డబ్ల్యూడీఎమ్-2 చూసి పెరిగిన కళ్ళు ఆ రెండు ట్రక్‌లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. డబ్ల్యూడీఎమ్-2 కింది ఆల్కో ట్రక్‌లో మూడు ఇరుసుల మధ్య ఎడం ఒకేలా ఉండదు, రెండు దగ్గరగా, ఒకటి దూరంగా. ఈఎండీ ఫ్లెక్సికాయిల్ ట్రక్‌లో దాదాపు సమానం.

#20 చీరాల_చిన్నబండి
ట్రక్ ట్రక్ అంటున్నారు, బోగీ అనొచ్చుగా?

#21 నాచ్8
మనవాళ్ళకి బోగీ అంటే మనుషులెక్కే పెట్టె. "ముందు బోగీ పట్టా తప్పింది" అని రాస్తే ఊరంతా కంగారు పడుతుంది. ట్రక్ అందాం.

#22 పట్టాలబండి
ఎనిమిది గేర్లు వచ్చాయి, ఆరు ఎక్కించాను. ఒకటి బిగువుగా ఉంటే రంధ్రం వేళ్ళతో విప్పాను. ఆరు ఇరుసులూ 14.5. టక్ పూర్తిగా పోయింది. 22లో ముప్ఫై చుట్లు అటు, ముప్ఫై ఇటు, ఒక్కసారీ దిగలేదు. 18లో ఇంకా దిగుతోంది, నాలుగైదు చుట్లకు ఒకసారి.

#23 వంపులెక్క
18లో అది జామెట్రీయే. ఇంకొక్కటి చూసి వదిలెయ్యండి. అద్దం ముక్క మీద ట్రక్ పెట్టి, ఒక్కో చక్రం కిందికీ సన్న కాగితం దూర్చండి. ఆరు చక్రాలూ కాగితాన్ని పట్టుకోవాలి. మధ్య ఇరుసు కింద కాగితం వదులుగా జారితే ఆ ఇరుసు గాలిలో ఉన్నట్టు, కర్వులో మొదట ఎక్కేది అదే. అడుగు పలక సరిగ్గా క్లిప్పు కాకపోయినా, బేరింగ్ దిమ్మ వంకరగా కూర్చున్నా ఇలా అవుతుంది.

#24 చీరాల_చిన్నబండి
మధ్య చక్రాల ఫ్లాంజి అరగదీసేస్తే 18లో కూడా పోతుందిగా?

#25 వంపులెక్క
పోతుంది, కానీ పాయింట్ల దగ్గర ఆ నున్నటి చక్రం ఫ్రాగ్ (పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) గాడిలో పడి పట్టా తప్పుతుంది. పైగా పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. పట్టాను మార్చొచ్చు, అరగదీసిన చక్రం తిరిగి రాదు.

#26 పట్టాలబండి
అద్దం మీద మధ్య ఇరుసు కాగితాన్ని పట్టుకుంటోంది. 18 కర్వులు తీసి 24 వేస్తాను. ఇక డీకోడర్.

#27 సోల్డర్_సుబ్బు
సాకెట్‌లో గుచ్చేముందు రెండు కొలతలు.

మొదటిది, మోటారు ఫ్రేముకి తగలకూడదు. పాత డీసీ బండ్లలో ఒక బ్రష్ నేరుగా లోహపు ఫ్రేముకి కలిసి ఉండొచ్చు. సాకెట్‌లోని డమ్మీ ప్లగ్ తీసేసి, ఒక్కో బ్రష్‌కీ ఫ్రేముకీ, ఒక్కో బ్రష్‌కీ చక్రాలకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఎక్కడా దారి ఉండకూడదు. ఉంటే డీకోడర్ మొదటి క్షణంలోనే కాలిపోతుంది.

రెండోది, స్టాల్ కరెంటు (మోటారు తిరగకుండా ఆగిపోతే లాగే కరెంటు). మీటరు 10 ఆంపియర్ల రేంజిలో సిరీస్‌లో పెట్టి, డీసీ 12 వోల్టులిచ్చి, ఫ్లైవీల్‌ను వేలితో ఒకటి రెండు సెకన్లు ఆపండి. వచ్చిన అంకె డీకోడర్ రేటింగు లోపల ఉండాలి. ఎక్కువసేపు పట్టుకోకండి, వైండింగు మాడుతుంది.

వైర్ల రంగులు: ఎరుపు కుడి పట్టా, నలుపు ఎడమ పట్టా, నారింజ, బూడిద మోటారుకి, తెలుపు ముందు లైటు, పసుపు వెనక లైటు, నీలం అన్ని లైట్లకూ ఉమ్మడి ప్లస్. పాత చిన్న బల్బుల్ని నేరుగా తెలుపు వైరుకి కలపకండి. అవి ఒకటిన్నర వోల్టువి, డీకోడర్ ఇచ్చేది 14 దగ్గర. వెచ్చని తెలుపు ఎల్‌ఈడీ పెట్టి, ఒక్కోదానికి 1 కిలో ఓమ్, పావు వాటు రెసిస్టర్. కరెంటు సుమారు 11 మిల్లీ ఆంపియర్లు, చాలు. పొడుగు కాలు నీలానికి. హైదరాబాదులో అయితే కోఠి గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి.

#28 పట్టాలబండి
బ్రష్‌లు రెండూ విడిగానే ఉన్నాయి. స్టాల్ 0.8 ఆంపియర్. డీకోడర్ 1 ఆంపియర్‌ది.

#29 సోల్డర్_సుబ్బు
పర్వాలేదు. డీకోడర్ చుట్టూ టేపు చుట్టకండి, వేడి బయటికి పోవాలి. అడుగున ఒక ముక్క చాలు.

#30 సాక్రమెంటో_షంటర్
సౌండ్ ఎంచుకునేటప్పుడు టర్బో లేని 567 తీసుకోండి. ఎస్‌డీ9 ఇంజనుకి గాలి తోసేది రూట్స్ బ్లోయరే, టర్బో లేదు. ఆ లయ వేరు, టర్బో ఈల వినపడితే బండి అబద్ధం చెబుతున్నట్టుంటుంది. నాచ్8 చెప్పిన చుట్టానికైతే టర్బో ఉంది, ఆ ఫైలు దీనికి పనికిరాదు.

స్పీకరుకి వెనక డబ్బా గాలి చొరకుండా మూసి ఉండాలి. అంచుల్లో సూది మొనంత సందున్నా బొంగురు పోతుంది. డబ్బా లేని స్పీకరు ఎంత పెద్దదైనా దోమ మోతే.

#31 గేజ్_పదహారున్నర
సీవీలు. 5372 నాలుగంకెలు కాబట్టి పొడుగు అడ్రసు. సిస్టమే లెక్క వేసుకుంటే సరే, చేత్తో అయితే సీవీ17లో 212, సీవీ18లో 252. సీవీ29లో 34 పెట్టండి: 2 అంటే 28/128 స్టెప్పులు, 32 అంటే పొడుగు అడ్రసు. చాలా డీకోడర్లు డీసీ గుర్తింపుతో కలిపి వస్తాయి, అది 4. కీప్-అలైవ్ (కరెంటు తెగినా కాసేపు బండిని నడిపే కెపాసిటర్) పెట్టే ఉద్దేశం ఉంటే ఆ 4 తప్పకుండా తీసెయ్యాలి, లేకపోతే కరెంటు తెగినప్పుడు బండి డీసీ అనుకుని పూర్తి వేగంతో పరిగెత్తొచ్చు. ప్రోగ్రామింగ్ పట్టా మీద సీవీలు చదవలేకపోతున్నా కీప్-అలైవ్ వైరు విప్పి చూడండి.

#32 సాక్రమెంటో_షంటర్
ఒక్కటి కలుపుతాను. ఏది ముందో షెల్ చూసి ఊహించకండి. అసలు ఇంజను ఫ్రేము మీద ముందువైపు చిన్న ఎఫ్ అక్షరం ఉంటుంది, మీ నంబరు ఫొటోలో దాన్ని వెతకండి. నికెల్ ప్లేట్ రైల్వే వాళ్ళు పొడుగు హుడ్ (ఇంజను మీది కప్పు) ముందుగా నడిపారు. అలాంటి బండికి సీవీ29లో ఇంకో 1 కలపండి, 35. లైట్లు కూడా దానితోపాటే తిరుగుతాయి, వైర్లు మార్చక్కర్లేదు.

#33 కాజీపేట_కో_కో
ఎన్ని వ్యాగన్లు గుంజుతదో జెప్పలే ఎవ్వరు?

#34 వంపులెక్క
బండి బరువు తూచి లెక్కేసుకోవచ్చు. 450 గ్రాములనుకుంటే పట్టు అయిదోవంతు, 90 గ్రాములు. రెండు శాతం ఎత్తులో సొంత బరువుకే 9 పోతుంది, 81 మిగిలింది. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ లెక్క ప్రకారం 40 అడుగుల వ్యాగన్ సుమారు 106 గ్రాములు. దొర్లడానికి రెండున్నర శాతం, ఎత్తుకి రెండు, మొత్తం వ్యాగనుకి అయిదు గ్రాముల లోపు. అంటే పదహారు పదిహేడు. ఇంకా కావాలని సీసం దిమ్మలు నింపకండి. బండిని పట్టి ఆపినప్పుడు చక్రాలు జారాలి, మోటారు ఆగకూడదు. చక్రాలు జారనంత బరువు పెడితే ఆ స్టాల్ కరెంటు ప్రతి ఎత్తు మీదా డీకోడర్ మీద పడుతుంది.

#35 పట్టాలబండి
తూచాను, స్పీకరుతో కలిపి 462 గ్రాములు. ఎత్తు మీద పదిహేను వ్యాగన్లు ఆగకుండా లాగింది, పదహారోదానికి చక్రాలు జారాయి. సీవీ29లో 34, సీవీ2 (కదలడం మొదలయ్యే వోల్టేజి)లో 3, స్టెప్ 1లో ఒక స్లీపరు నుంచి ఇంకో స్లీపరుకి పాకుతోంది.

ఇంకొకటి మిగిలింది. దీని క్లాస్ లైట్లు (రైలు తరగతి తెలిపే చిన్న దీపాలు) నంబరు బోర్డుల పైన, మధ్యకు దగ్గరగా ఉన్నాయి. ఎస్‌డీ9కి ఇలాగే ఉండాలా?

#36 సాక్రమెంటో_షంటర్
ఉండకూడదు. అది ఎస్‌డీ7 పోలిక. ఎస్‌డీ9లో క్లాస్ లైట్లు చిన్న బుడిపెల మీద, బయటివైపుకి తిరిగి ఉంటాయి. బయటి నుంచి ఈ రెండింటినీ వేరు చేసే ముఖ్యమైన గుర్తు అదే. పైన ఉన్నవి కోసి, గుంత పూడ్చి, బుడిపెలు విడిగా అంటించాలి. బ్లాక్ విడో నలుపు మీద అతుకు దాచడం తేలిక, వెండి ముక్కు దగ్గరే జాగ్రత్త. ఇంకో మాట, 4300, 4400 నంబర్ల ఫొటోలు చూసి వివరాలు పెట్టకండి. అవి 70లలో సాక్రమెంటోలో పునర్నిర్మించిన ఎస్‌డీ9ఈలు. బ్లాక్ విడో 1958తోనే ఆగింది, ఆ తర్వాత బూడిద ఒళ్ళు, ఎర్ర ముక్కు. మీ 5372కి 50ల ఫొటోలే ఆధారం.

#37 పట్టాలబండి
సరే, ముక్కు వైపు లైట్లు ముందు కోస్తాను. మిగిలిన రెండు గేర్లు చీరాల_చిన్నబండికి కావాలంటే చెప్పండి, అరకడ్డీ లావు కొలిచి పంపిస్తాను.

#38 చీరాల_చిన్నబండి
కావాలి అన్నా. కొలిచి ఇవాళే రాస్తా.